షాంఘైలో రాహుకాలం

“ఈ ఫొటోలో ఉండేది మా మునియప్ప కాకపోతే నా పేరు తిరుపాలే కాదు. రాసుకోండి మేడమ్!”

తిరుపాలు ఆల్బమ్‌ను బల్ల మీద ఇటు తిప్పి పెట్టాడు. ప్రేమకుమారి ఏమీ రాసుకోలేదు. ఎవరైనా అడక్కుండానే ఒట్టు పెట్టుకొన్నారంటే ఎక్కడో లొసుగు ఉందని ఆమె నమ్మకం. బీమా కంపెనీలో ఏళ్ళ తరబడి దొంగ క్లెయిముల వెంటపడి, విసుగు పుట్టి, మల్లేశ్వరంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషామె. ఒట్లు చాలానే విన్నది.

బెంగళూరు శివారు బొమ్మసంద్రలోని ఆ పట్టునూలు మిల్లులో తలుపు మూసినా యంత్రాల రొద ఆగడం లేదు. మిల్లు ఇద్దరిది. ఒకరు ఈ తిరుపాలు. రెండోవారు దొడ్డబళ్ళాపురం పెద్దమునియప్ప. ఆ పెద్దమునియప్పే వారం దాటినా కనబడటం లేదు.

అది 2003 డిసెంబరు. భాగస్తులిద్దరూ ఒక టూరు గుంపుతో కలిసి షాంఘై వెళ్ళారు. ముందు యంత్రాల ప్రదర్శన, తర్వాత ఊరు చూడటం. గురువారం తెల్లవారకముందే తిరుపాలు తన కారులో వచ్చి పెద్దమునియప్పను ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాడు. సోమవారం సాయంత్రం పెద్దమునియప్ప గుంపుతో తిరిగొచ్చాడు. తిరుపాలు మాత్రం యంత్రాల బేరం తెగలేదని షాంఘైలోనే ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు. బెంగళూరు ఎయిర్‌పోర్టులో పెద్దమునియప్ప పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. బయట డ్రైవర్ సొన్నప్ప కారు పెట్టుకొని కాచుకొని ఉన్నాడు, ఎక్కించుకొన్నాడు. ఇంటికి చేరింది మాత్రం సొన్నప్ప, సూట్‌కేసు. అంతే.

“సార్ మంకీ క్యాపు పెట్టుకొని, మూతికి మాస్కు కట్టుకొని వచ్చినాడు. గొంతు పోయిందని సైగ చేసినాడు. హెబ్బాళ దగ్గర ఆపమని దిగి, నువ్వు పో అని చేత్తో చూపించినాడు” అని సొన్నప్ప చెప్పిన మాటను పోలీసులు నమ్మలేదు. ఇన్‌స్పెక్టర్ దర్శన్ అతన్ని విచారణ పేరుతో కూర్చోబెట్టి, రేపు పొద్దున కోర్టుకు తీసుకెళ్ళేలోగా హత్య ఒప్పించాలని పట్టుబట్టి ఉన్నాడు. సొన్నప్పకు రక్తపోటు, ఒక కన్ను సరిగా ఆనదు. రేపటిదాకా ఆ మనిషి నిలబడతాడో లేదో తెలియదు. ప్రేమకుమారిని పెట్టుకొన్నది అతని కూతురు సహన. గార్మెంట్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఒళ్ళో గుడ్డ సంచి పెట్టుకొని, ఈ గది బయట బెంచీ మీద కూర్చొని ఉంది.

“ఇన్ని ఫొటోల్లో ముఖం సరిగా కనబడేది ఒక్కటీ లేదేం?” అంది ప్రేమకుమారి.

“ఎట్ల కనబడతాది మేడమ్? చైనాలో ఆ సార్స్ జబ్బు భయం ఇంకా పోలేదు. గుంపులో అందరం మూతికి గుడ్డ కట్టుకొనే తిరిగినాం. పైన చలి. మునియప్పకు మామూలుగానే చలి పడదు, మంకీ క్యాపు ఇక్కడి నుంచే తెచ్చుకొన్యాడు.”

ఆ మాట నిజమే. ఫొటోల్లో ఆడవాళ్ళు సైతం శాలువాల్లోంచి కళ్ళు మాత్రమే బయటపెట్టి నిలబడ్డారు. షాంఘైకి ఊరు చూడటానికి పోయినట్టు లేదు, ఆపరేషన్ థియేటర్‌కు పోయినట్టుంది. తిరుపాలు ఒక్కో ఫొటో మీద వేలు పెట్టి హుషారుగా చెప్పుకుపోయాడు. “ఇది బండ్ అంటారు, నది గట్టు. ఇంగ్లీషోళ్ళు కట్టిన బ్యాంకులు వరసగా ఉండాయి చూడండి. మన కంటోన్మెంట్ పక్క పాత బిల్డింగులు ఉండాయే, అట్లాంటివే, పదింతలు పెద్దవి. నదికి ఆ పక్క టవరు చూడండి, గుండ్లు గుచ్చి నిలబెట్టినట్ల! ఇది ఫ్రెంచోళ్ళు ఉండిన పేట, రోడ్డుకు రెండు పక్కలా చెట్లే. ఇది పాత తోట. ఈ వంతెన వంకరటింకరగా ఉండాదే, ఎందుకో తెలుసునా? దయ్యాలు నేరుగానే నడుస్తాయంట, వంకర వంతెన మీద మన వెనకాల రాలేవంట!”

“మునియప్పగారు ఆ మాట విని ఏమన్నారు?”

తిరుపాలు ఆల్బమ్ పేజీ తిప్పాడు. “ఏమంటాడు... నవ్వినాడు.”

“ఈ ఫొటో?”

ఆ ఫొటోలో మంకీ క్యాపు మనిషి నది గట్టున నిలబడి చెయ్యి పైకెత్తి ఉన్నాడు. వెనక ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి కస్టమ్స్ బిల్డింగు, దాని నెత్తిన పెద్ద గడియారం. నాలుగున్నర దాటింది.

“అదా!” తిరుపాలు కుర్చీలో వెనక్కి వాలి పొట్ట పట్టుకొన్నాడు. “అదే మేడమ్ అసలు కత. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు పడవ. నది మీద తిప్పుతూ, దీపాలు వెలిగేది చూపిస్తారు. అందరూ వరసలో నిలబడినాక మా మునియప్ప వాచీ చూసుకొని, ‘ఆదివారం నాలుగున్నర, రాహుకాలం, నేను ఎక్కను’ అని నిలిచిపోయినాడు. గైడు బతిమాలె, నేను బతిమాలితి, ఊఁహూఁ! గుంపంతా పడవ ఎక్కిపోయె, మేమిద్దరం గట్టు మీదే ఆరు దాకా వణుక్కుంటా నిలబడితిమి. అప్పుడు తీసిందే ఈ ఫొటో. దొడ్డబళ్ళాపురంలో ఎవరినన్నా అడగండి, మునియప్ప రాహుకాలంలో గడప దాటడు.”

“పాపం. మరి రాత్రి భోజనం?”

“ఏడు గంటలకు ట్యాక్సీ పెట్టుకొని పోతిమి. ఆకలికి ఆయనే ముందు పరిగెత్తినాడు.”

తలుపు తట్టకుండానే ఒకతను లోపలికి వచ్చాడు. ఇస్త్రీ మడత చెడని చొక్కా, చేతిలో సెల్‌ఫోను. ఇన్‌స్పెక్టర్ దర్శన్. ప్రేమకుమారిని చూడగానే అతని ముఖం వాడిపోయింది.

“నమస్కార మేడమ్. నేను ముగించిన కేసులోకే మీరెప్పుడూ వస్తారేం?”

“ముగించారా? శవం ఎక్కడ దొరికింది?”

“దొరుకుతాది. సొన్నప్ప నోరు తెరిస్తే అదీ దొరుకుతాది.”

“ఎనిమిది రోజులుగా తెరిచే ఉంచాడు. మీకు కావలసిన మాట రాకపోతే నోరు తెరవనట్టా?”

దర్శన్ కుర్చీ లాక్కొని కూర్చొన్నాడు. “చూడండి, నేనూ కోలారు పక్క పుట్టినోన్నే, మా మనుషులు నాకు తెలుసు. మీరు ఆలోచించేది నేను ముందే ఆలోచించినా. షాంఘై పోయింది వేరే మనిషేమో అని! గుంపులో ఉండేవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి అడిగినా. అందరికీ గుర్తుండేది ఒకే ఒక్క సంగతి, పడవ ఎక్కనన్న రాహుకాలం అంకుల్! వేషం వేసుకొని పోయినోడు ఎవడన్నా అందరి కళ్ళల్లో పడేట్ల అంత గలాటా చేస్తాడా? మూలన దాక్కొంటాడు. ఆయన వచ్చినాడు, కారు ఎక్కినాడు, సొన్నప్ప చంపినాడు. ముగిసె.”

“ఎందుకు చంపినట్టు?”

“అది వాడే చెప్తాడు.”

“అంటే మీకు తెలియదు.”

ప్రేమకుమారి తిరుపాలు వైపు తిరిగి, “ఒక చిన్న అనుమానం. ఆదివారం నాలుగున్నర అన్నది ఏ గడియారం ప్రకారం?” అని అడిగింది.

తిరుపాలు నవ్వాడు. దర్శన్ ఇంకా గట్టిగా నవ్వాడు. “షాంఘైలో నిలబడి దొడ్డబళ్ళాపురం టైము చూస్తారా మేడమ్ ఎవరన్నా? ఏ ఊర్లో ఉంటే ఆ ఊరి పొద్దే కదా లెక్క!” అన్నాడు తిరుపాలు.

ప్రేమకుమారి కూడా నవ్వేసింది. మాట సబబుగానే ఉంది. పంచాంగం చూసేవాళ్ళు ఎవరైనా అదే చెబుతారు. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. తిరుపాలు ఆ కథ చెప్పిన తీరు ఆమెకు నచ్చలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పొట్ట పట్టుకొని నవ్వాలో అన్నీ తెలిసినవాడిలా చెప్పాడు. పైగా రాహుకాలానికి అంతగా భయపడే మనిషి దయ్యాల మాట వింటే చేతులు జోడించి ఉండాలి. నవ్వాడట!

బయటికి రాగానే సహన లేచి నిలబడింది. “ఏమన్నా తెలిసెనా మేడమ్?”

“ఇంకా లేదు. పద, దొడ్డబళ్ళాపురం పోదాం. మునియప్పగారి గది చూడాలి.”

పాత మారుతి కారు ఊరంతా దాటి ఉత్తరానికి తిరిగేదాకా సహన మాట్లాడలేదు. యలహంక దాటాక సంచి నోరు తెరిచి చూసుకొని మళ్ళీ మూసింది. అందులో ఏముందో ప్రేమకుమారికి తెలుసు. ఆ సోమవారం పెద్దమునియప్ప కారులో మరిచిపోయిన మంకీ క్యాపు. తర్వాత అడుగుతాడులే అని సొన్నప్ప ఇంటికి తెచ్చి పెట్టాడు. అంతలో పోలీసులు అతన్ని తీసుకుపోయారు. ఆ టోపీ బయటపడితే తండ్రి మెడకే చుట్టుకొంటుందని సహన భయం. నిన్న దాన్ని చూపించినప్పుడు ప్రేమకుమారి కూడా, “దాచిపెట్టు, ఎవరికీ చూపించకు” అని ఊరుకొంది. టోపీ ఉంటే ఆయన కారు ఎక్కాడని రుజువవుతుంది తప్ప సొన్నప్పకు ఒరిగేది ఏమీ లేదని ఆమెకు తోచింది.

దొడ్డబళ్ళాపురంలో ఆ ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. వీధంతా మగ్గాల చప్పుడు, ఆ ఒక్క ఇంటి ముందే నిశ్శబ్దం; అక్కడ ఒక తెల్ల కారు నిలబెట్టి ఉంది. గడపలో ఎదురొచ్చినవాడికి నున్నటి గుండు, గుండు మీద గంధం, మీసం కూడా లేదు. పెద్దమునియప్ప తమ్ముడు వెంకటరమణ. చేతికి తిరుమల లడ్డు ముక్క అందించాడు.

“అన్న షాంఘైకి పోయే ముందురోజే నేను తిరుపతికి పోతిని మేడమ్. ఆ దేశంలో ఏదో జబ్బు అంటాండారు కదా, అన్న చల్లగా తిరిగి రావాలని మొక్కుకొని కొండ మీదే ఉండిపోతిని. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చేసరికి ఇంట్లో ఈ కత.” అతను గుండు నిమురుకొన్నాడు. “చూడాల్సింది చూడండి. మూడైతే రాహుకాలం తగులుతాది. అన్న గది అంతలోగా తెరిస్తే బాగుంటాది. ఆయన ఉంటే అదే చెప్పుండేవాడు.”

అన్నగారి నియమాన్ని ఆయన లేనప్పుడు కూడా పాటిస్తున్న తమ్ముడిని చూసి సహన కళ్ళు తుడుచుకొంది. ప్రేమకుమారి లడ్డు నోట్లో వేసుకొని లోపలికి నడిచింది. సహన వసారాలోనే కూర్చొంది.

గది చిన్నది. మంచం, బీరువా, గోడకు క్యాలెండరు, గోడ గడియారం. మూలన నీలం సూట్‌కేసు. మంచం పక్కన నేల మీద అంజినమ్మ కూర్చొని ఉంది. పెద్దమునియప్ప భార్య. ముఖం పీక్కుపోయింది కానీ నుదుటి బొట్టు రూపాయంత ఉంది.

“ఈ సూట్‌కేసు ఎవరైనా తెరిచారా అమ్మా?”

“పోలీసులు తెరిచి పైపైన చూసి మూసేసినారు. నేను ముట్టలేదు. ఆయన వచ్చి ఆయనే తీసుకొంటాడులే అని.”

ప్రేమకుమారి తెరిచింది. చొక్కాలు, స్వెట్టరు. అంజినమ్మ కట్టిచ్చిన చట్నీపొడి డబ్బా మూత కూడా తీయలేదు. దాన్ని పైకెత్తి చూపిస్తే అంజినమ్మ నొచ్చుకొంది. “అయ్యో, ముట్టనే లేదే! ఇది లేకుండా ముద్ద దిగదు ఆయనకు. ఏమి తిన్యాడో ఏమో ఆ చలిలో.”

ప్రేమకుమారి లోపలి జిప్పు అర తెరిచింది. అందులో చేతిగడియారం. తెల్లటి డయలు, స్టీలు పట్టీ, సెల్లుతో నడిచేది. కీ ఇచ్చే రకమైతే ఎప్పుడో ఆగిపోయి ఉండేది. ఇది హాయిగా నడుస్తోంది.

“ఇది ఆయనదే కదా?”

“ఆయనదే. పెండ్లి రోజుకు నేనే కొనిస్తిని.” అంజినమ్మ చెయ్యి చాపి తీసుకొని, కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకొంది. తర్వాత చూసింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. “ఇదేంది, టైము తప్పుగా చూపిస్తాండాదే?”

గోడ గడియారంలో మూడు దాటి పది నిమిషాలు. చేతిగడియారంలో అయిదూ నలభై.

“తప్పు కాదమ్మా. అది షాంఘై టైము. మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ తిప్పుకొన్నారు, మళ్ళీ మార్చుకోలేదు.”

“ఆయనా?” అంజినమ్మ ఆమెను వింతగా చూసింది. “ఆయన గడియారం తిప్పడు మేడమ్.”

“తిప్పకపోతే ఎలా?”

“తిప్పడు! పోయినేడు నన్ను సింగపూరుకు పిల్చుకొని పోయినాడు. అక్కడా ఇట్లే, రెండున్నర గంటలు ముందే. ఉన్నన్ని రోజులూ మన టైమే పెట్టుకొని తిరిగినాడు. మనకు ఎనిమిదైతే అక్కడ పదిన్నర, హోటల్లో టిఫిను మూసేసినాక దిగేది. రోజూ గలాటా! శనివారం బస్సు కదలబోతే కిందికి దిగేసినాడు. అక్కడ పదకొండున్నర. ‘మనూర్లో ఇప్పుడు తొమ్మిది, రాహుకాలం’ అంటాడు. నేను నవ్వితిని. ‘రాహువు చూసేది నా జాతకాన్నే, ఆ జాతకం పుట్టింది దొడ్డబళ్ళాపురంలో. సింగపూరు గడియారంతో దానికేం పని?’ అన్యాడు. పంచాంగమయ్య తప్పని చెప్పినా వినలేదు. మొండి మనిషి.”

ప్రేమకుమారి సూట్‌కేసు మూత పట్టుకొని అలాగే ఉండిపోయింది.

షాంఘైలో ఆదివారం నాలుగున్నర. దొడ్డబళ్ళాపురంలో అప్పుడు మధ్యాహ్నం రెండు. రాహుకాలం ఊసే లేదు. అసలు పెద్దమునియప్ప అయితే అందరికంటే ముందు పడవ ఎక్కి కిటికీ పక్క సీటు పట్టుకొని ఉండేవాడు. షాంఘైలో రాత్రి ఏడు అంటే ఇక్కడ నాలుగున్నర. అప్పుడు మొదలవుతుంది ఆయన రాహుకాలం. ఆ వేళకు ఆ మనిషి ఆకలంటూ ట్యాక్సీకి పరిగెత్తాడని తిరుపాలే తన నోటితో చెప్పాడు. నలుగురూ గుర్తుపెట్టుకోవాలని పడవ దగ్గర ఆడిన నాటకమే వాళ్ళను పట్టిచ్చింది. ఆ నాటకం ఆడినవాడికి పెద్దమునియప్ప రాహుకాలం చూస్తాడని తెలుసు. ఆయనతో ఎన్నడూ విదేశం పోలేదు కాబట్టి ఎలా చూస్తాడో తెలియదు.

“మేడమ్, ఏమైంది? అట్లుండారే?”

చెప్పక తప్పదు. ఇలాంటి మాటను మెత్తగా చెప్పే మార్గం ఏదీ ప్రేమకుమారికి ఇన్నేళ్ళలో దొరకలేదు. ఆమె కూడా నేల మీద కూర్చొంది.

“అంజినమ్మగారూ, షాంఘై చూసి వచ్చింది మీ ఆయన కాదు. ఆయన పాస్‌పోర్టు, ఆయన గడియారం పెట్టుకొని ఇంకొకడు పోయాడు. మీ ఆయన ఆ గురువారం విమానం ఎక్కనే లేదు.”

అంజినమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవలేదు. గడియారాన్ని రెండు చేతులా పట్టుకొంది.

“ఆదివారం పడవ ఎక్కనని నిలబడినాడని తిరుపాలన్న చెప్పినప్పుడు నాకెంత సంతోషమయ్యెనో తెలుసునా? ఆదివారం దాకా ఆయన ఆయనలాగే ఉండాడు, బాగుండాడు అనుకొంటిని. రోజూ ఆ మాటే తల్చుకొని పడుకొంటాండా.” ఆమె తలుపు వైపు చూసింది. “అంటే ఆ పొద్దు నేను ఎదురొచ్చి పంపిస్తినే, తిరుపాలన్న కారులో... అదేనా మేడమ్ ఆఖరు?”

ప్రేమకుమారి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బయట ఎక్కడో కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. ఆమె పట్టించుకోలేదు.

“ఆయన లేకపోతే ఎవరికి లాభం? గొడవలేమైనా ఉన్నాయా?”

“మహదేవపురలో పెద్దల కాలం భూమి ఉండాది. ఇప్పుడు అక్కడ కంప్యూటరు కంపెనీలోళ్ళు అడుగుతాండారు. అమ్మనని ఈయన పట్టు. ఈయన చేవ్రాలు లేకుంటే కాదు. మధ్యలో తిరుపాలన్న వచ్చి ఒప్పుకోమని చెప్తాండె. మా మరిది అయితే అమ్మేద్దామని రోజూ...” అంజినమ్మ ఆగిపోయింది.

ప్రేమకుమారి తల ఎత్తింది. బీరువా పైన ఏదో పెళ్ళిలో తీసిన ఫొటో ఉంది. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన. ఇద్దరికీ ఒకటే ఉంగరాల జుట్టు, ఒకటే దట్టమైన మీసం. ఎవరు పెద్దో ఎవరు చిన్నో చెప్పడం కష్టం. పాస్‌పోర్టు మీద ఏళ్ళ కిందటి ఫొటోతో పోల్చి చూసే ఆఫీసరుకు ఇంకా కష్టం.

ఇప్పుడు ఆ తమ్ముడి తల మీద జుట్టు లేదు, మూతి మీద మీసం లేదు. గుండు చూసి గోవిందా అనే దేశంలో ఎందుకు గీయించుకొన్నావని అడిగే మొనగాడు ఎవడు? అతను కొండకు పోయింది నిజమే అయి ఉంటుంది. పోయింది అన్న షాంఘైలో ఉన్నప్పుడు కాదు, తను షాంఘై నుంచి వచ్చాక. హెబ్బాళ దగ్గర కారు దిగి నేరుగా తిరుపతి బస్సెక్కి ఉంటాడు. ఆ పోలిక అంతా దేవుడి హుండీలో కలిసిపోయింది. వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు.

ఒక్క వెంట్రుక!

“టోపీ” అంది ప్రేమకుమారి పైకే. మంకీ క్యాపు లోపలి ఉన్నిలో ఉంగరాల వెంట్రుకలు నాలుగైనా చిక్కుకొని ఉంటాయి. అవి తమ్ముడివని పరీక్షలో తేలితే సొన్నప్ప బయటపడతాడు. దాచిపెట్టమని చెప్పిన తన తెలివికి తనే సిగ్గుపడి, ఒక్క అంగలో వసారాలోకి వచ్చింది.

వసారా ఖాళీగా ఉంది. సహన చెప్పులు లేవు. వీధిలో ఇందాక నిలబెట్టి ఉన్న తెల్ల కారూ లేదు.

“సహన ఏది?”

వెనకే వచ్చిన అంజినమ్మ గడప పట్టుకొని నిలబడింది. పక్కింటి వసారాలో దారం చుడుతున్న ముసలామె తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. “ఆ పాపను మీ మరిదే పిల్చుకొని పోయినాడు అంజినమ్మా. సంచిలో ఏముండాదని అడిగె. పెద్దయ్య టోపీ, అమ్మకియ్యాలో స్టేషన్లో ఇయ్యాలో తెలియలేదని ఆ పాప ఏడిచె. ‘స్టేషన్లో ఇస్తేనే మీ నాయనకు మంచిది, నేను పిల్చుకొని పోతా రా పాపా’ అని కారు ఎక్కించుకొన్యాడు.”

ప్రేమకుమారి సెల్‌ఫోను తీసి నంబరు నొక్కింది. దర్శన్ మూడో రింగుకు ఎత్తాడు.

“మేడమ్, ఇంకా షాంఘైలోనే ఉన్నారా?”

“వెటకారాలు తర్వాత. షాంఘై పోయింది వెంకటరమణ. సూట్‌కేసులో గడియారం షాంఘై టైములో ఉంది. పెద్దమునియప్ప విదేశంలో గడియారం తిప్పడు, రాహుకాలం కూడా ఇక్కడి టైముకే చూస్తాడు. ఆయన భార్యే చెప్పింది. పడవ ఎక్కనన్నవాడు ఆయన కాదు.”

“రాహుకాలం ఏ టైముకు చూస్తాడనేదాని మీద నేను ఒక పెద్దమనిషిని అరెస్టు చేయాలా? కోర్టులో జడ్జి నవ్వుతాడు. వాళ్ళింట్లో అన్నకంటే ఎక్కువ ఆచారం ఆయనకు. తిరుపతి నుంచి వచ్చి నాకు ప్రసాదం ఇచ్చి పోయినాడు.”

“నాకూ ఇచ్చాడు. ఇప్పుడు సొన్నప్ప కూతురిని కారులో ఎక్కించుకొని పోయాడు. ఆ అమ్మాయి సంచిలో వాడు షాంఘైలో పెట్టుకొన్న టోపీ ఉంది. మీ స్టేషనుకే వస్తున్నానని చెప్పాడట. వస్తాడా? మహదేవపుర భూమిలోకి ఒక జీపు పంపించండి. ఆ గురువారం ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో మునియప్పను మాయం చేయడానికి వాళ్ళకు ఉన్న చోటు అదొక్కటే.”

దర్శన్ మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. ఆలోచిస్తున్నాడు. ఆలోచించే వ్యవధి ఆ పిల్లకు లేదు.

అంజినమ్మ ముందుకొచ్చి ప్రేమకుమారి చేతిలోని ఫోను లాక్కొంది. ఇంకో చేతిలో భర్త గడియారం ఇంకా అలాగే ఉంది. ఆమె గోడ గడియారం వైపు ఒకసారి, వీధిలో ఇంకా అణగని దుమ్ము వైపు ఒకసారి చూసింది.

“ఇన్‌స్పెక్టరప్పా, నేను అంజినమ్మను మాట్లాడతాండా. ఈ పొద్దు మంగళవారం. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. మూడు లోపల గది తెరవమని ఈ మేడమ్‌కు చెప్పినోడే, ఇప్పుడు నడి రాహుకాలంలో ఆడపిల్లను ఎక్కించుకొని గడప దాటినాడు.” ఆమె ఫోనును నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకొంది. “వానికి రాహువు మీద నమ్మకం లేదు, దేవుని మీదా లేదు. మా ఆయన్ను ఏమి చేసినాడో ఆ పాపనూ అదే చేస్తాడు. పోండప్పా, బిరీన పోండి!”

ఫోనులో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఆ వెంటనే దర్శన్ అరుపు వినబడ్డాయి.

“కారు నంబరు చెప్పమ్మా!”